మూడు పూతల కేబిన్

మొన్న ఆదివారం పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా వదిన స్టూలెక్కి వంటింటి సజ్జ మీదినుంచి పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దించింది. సమయం గుర్తుండడానికి కారణం, అప్పుడే నేను ఫోన్‌లో ఏడింటి బస్సు సంగతి చూసుకుంటున్నాను. ఆ బస్సుకు నేను వెళ్లలేదు.

మా అన్న పోయి నెల దాటింది. ఇల్లు సర్దుకోవడానికి వదినకు తోడుగా నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చాను. డబ్బాలో గుడ్డ చుట్టి ఒక వస్తువు ఉంది. వదిన గుడ్డ విప్పి, దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేంది? ఎవరి ఇల్లిది? పిల్లలు గిట్ల ఆడుకున్నదా?"

"ఇల్లు కాదు వదినె. సిగ్నల్ కేబిన్."

అట్టతో చేసిన రెండంతస్తుల కట్టడం. పై అంతస్తుకు మూడు వైపులా కిటికీలు. పక్కన అగ్గిపుల్లల మెట్లు, వాటిలో రెండు ఊడిపోయాయి. పసుపు గోడలు. ఒక మూల అట్ట నలిగి రంగు పెచ్చులు లేచింది. అక్కడ పసుపు కింద బూడిద రంగు కనిపిస్తోంది. బూడిద కింద ఎరుపు.

"ఇంతంత దానికి మూడు రంగులేసిండ్రా?" అంది వదిన.

"మూడు సార్లు కొట్లాడినం" అన్నాను.

మాది గోదావరిఖనిలో బాయికి, అంటే బొగ్గు గనికి, దగ్గరగా ఉన్న క్వార్టర్ల లైను. ఆ లైను ఇప్పుడు లేదు, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్ కాస్టు గనిలోకి పోయింది. ఇళ్ల వెనుక బొగ్గు రైళ్ల పట్టాలు, పట్టాల పక్కన, రైళ్లకు సిగ్నళ్లు వేసే కేబిన్. బొగ్గు నింపే చోటు కూడా అక్కడే. గాలి ఎటునుంచి వీచినా దుమ్ము మా మీదికే వచ్చేది. ఉతికి ఆరేసిన తెల్ల చొక్కాను సాయంత్రం తీసేసరికి దులిపి మడతపెట్టాల్సి వచ్చేది. నాలుగింటికి ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఆ పొగ వాసన, మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్ల సబ్బు వాసన కలిస్తే మాకు సాయంత్రం అయినట్టు.

బాపు, మా నాన్న, బాయిలో టబ్బులకు, అంటే తాడుతో లాగే ఇనప బండ్లకు, బొగ్గు నింపేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా కళ్ల చుట్టూ నల్లటి గీత ఉండిపోయేది. కాటుక పెట్టుకున్నావా అని అమ్మ ఆటపట్టించేది.

మా పక్క క్వార్టర్లో సర్వేయర్ సారు ఉండేవాడు. వాళ్లది గోదావరి జిల్లా. ఆయన తల్లిని లైనంతా మామ్మగారు అనేది. నేనూ అన్నా మాత్రం మామ్మా అనేవాళ్లం. దసరాకు ఆవిడ ముందుగదిలో బొమ్మల కొలువు పెట్టేది. మా వైపు వాళ్లకు అది కొత్త. మా ఇళ్లలో బతుకమ్మ, ఆవిడ ఇంట్లో కొలువు. తంగేడు, గునుగు కోసుకొచ్చి ఇంట్లో పడేసి మేము ఆ ఇంటికి పరిగెత్తేవాళ్లం. చెక్క మెట్ల మీద తెల్ల బట్ట పరిచి, పైన దేవుళ్లు, మధ్యలో పెళ్లివారు, కింద శెట్టి దంపతులు. అన్నిటికంటే కింద నేల మీద ఇసుక పోసి, ఆవాలు చల్లి, మొలకలొచ్చాక దాన్ని పార్కు అనేవారు.

ఆ ఏడు మామ్మ మెట్లు పేరుస్తూ అన్నతో అంది. "ఒరేయ్, పార్కు చూసీ చూసీ విసుగొచ్చింది. ఈసారి కింద రైలు పెట్టండర్రా. నేనీ ఊరు వచ్చింది రైల్లోనేగా."

అన్నకు ఆ రోజు కాళ్లు నేల మీద నిలవలేదు. "బొగ్గు రైలు చేస్తం మామ్మా! కేబిను, సిగ్నలు, అన్నీ!"

"రైలు చాలు. బొగ్గొద్దు. కొలువులో నలుపు పెట్టకూడదు."

"నలుపు లేకుంటే గది రైలెట్లయితది?"

"మనుషులెక్కే పెట్టెలు పెట్టరా."

"మన లైను ఎన్క మనుషులెక్కే రైలు ఎన్నడన్న చూసినవా మామ్మా?"

మామ్మ చూద్దాంలే అని శెట్టిగారి బొమ్మను తుడవడం మొదలుపెట్టింది. అన్న నన్ను బయటికి లాక్కొచ్చాడు. బొగ్గు ఎందుకు కావాలో అప్పుడు చెప్పాడు.

"బాపు నింపిన బొగ్గు కొలువుల ఉండాలె. బాపును తీస్కచ్చి చూపియ్యాలె."

అది చిన్న విషయం కాదు. బాపు మామ్మగారి ఇంటి అరుగు దాటి లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. ఎవరూ వద్దనలేదు. సర్వేయర్ సారు ఎన్నోసార్లు పిలిచాడు. "ఈన్నే మంచిగున్నది సారూ, గోడకు మసి అంటుతది" అనేవాడు. అరుగు అంచున కూర్చుని చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వచ్చేవాడు. ఆ గ్లాసు బోర్లించడం అన్నకు నచ్చేది కాదు.

పని మొదలైంది. బడికి సెలవులు. చీపురు పుల్లలు పట్టాలయ్యాయి. కొత్త చీపురు సగానికి సగం అయిందని అమ్మ వాకిలి ఊడ్చేటప్పుడు కనిపెట్టి మా ఇద్దరి వీపులూ అదే చీపురుతో సాఫు చేసింది. అరిగిపోయిన రబ్బరు చెప్పుల్ని గుండ్రంగా కోసి చక్రాలు చేశాం. అగ్గిపెట్టెలు వ్యాగన్లు. ఇంజనుకు పళ్లపొడి డబ్బా. సైకిల్ పుల్ల సిగ్నల్ స్తంభం, డబ్బా రేకు ముక్క దాని చెయ్యి. ఆ చేతికి ఎరుపు వేసి మధ్యలో తెల్ల గీత నేనే గీశాను. ఊపిరి బిగబట్టి గీసిన ఆ గీత నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

కేబిన్‌కు అట్ట సర్వేయర్ సారు ఇచ్చాడు, ఆఫీసులో గని నక్షలు చుట్టి తెచ్చే మందపు అట్ట. అన్న దాన్ని బ్లేడుతో కోస్తుంటే నేను మూలలు పట్టుకునేదాన్ని. అతికించడానికి తుమ్మబంక. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, అన్నం తినేటప్పుడు మెతుకులతో పాటు బంక కూడా లోపలికి పోయేది.

ఇక రంగు. మొదట నా మాటే నెగ్గింది. బడి పుస్తకంలో కేబిన్ ఎర్రటి ఇటుకలతో ఉంది. అమ్మ గడపకు వేసే జాజు తెచ్చి కలిపి పూశాం. ఎర్రమట్టి వాసనతో, తడిగా, అది ఎంత బాగుందో! నేను చప్పట్లు కొట్టాను. అన్న దూరంగా కూర్చుని చూశాడు. దగ్గరికి వచ్చి చూశాడు.

"మంచిగున్నది. కని మన కేబిన్ కాదు."

"మరి మనది ఏ రంగు?"

"చూస్తలేవా? బూడిద రంగు."

నేను ఏడ్చినా వినలేదు. బొగ్గు నూరి, సున్నంలో కలిపి, జాజు మీద రెండో పూత వేశాడు. అది నిజంగానే మా కేబిన్ లాగా అయింది. మామ్మ చూసి చెంపలేసుకుంది.

"ఇదేవిట్రా, అమ్మవారి ముందు బూడిద కొంపా? తీయండి, తీయండి."

"కేబిన్ గట్లనే ఉంటది మామ్మా."

"ఎవడు చెప్పాడు?"

లైనంతా చెప్పింది. సాయంత్రం పంపు దగ్గర అన్న అందరినీ సాక్ష్యం అడిగాడు. బూడిద రంగే అన్నాడు బాపు. సర్వేయర్ సారు కూడా బూడిదేనన్నాడు. "నేను కాపురానికి వచ్చినప్పటిసంది గట్లనే ఉన్నది" అంది అమ్మ. మామ్మ తన అరుగు మీదినుంచి అందరి మాటా విని, చివరికి ఒక్కటే అడిగింది.

"ఏ సర్కారువాడైనా డబ్బులు పోసి బూడిద రంగు కొని గోడలకేయిస్తాడర్రా?"

 బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా అమ్మ పంపు కట్టేయలేదు. ఇన్నేళ్లు రోజూ చూస్తున్న గోడ అసలు రంగేమిటో మాలో ఒక్కరికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నా నేనూ కేబిన్‌కు వెళ్లాం. అక్కడుండే ఆయనను కాక అనేవాళ్లం. మేము మెట్లెక్కేసరికి ఆయన గుడ్డతో లీవర్లు తోముతున్నాడు. వరసగా నిలబడ్డ ఇనప లీవర్లు, పట్టుకునే చోట వెండిలా మెరుస్తున్నాయి. నూనె వాసన, బీడీ వాసన.

"పండుగొచ్చె గదా" అన్నాడు. "రేపు వీటికి పసుపు కుంకుమ పెట్టాలె. ఏడాదంత నేను గుంజితె అవి ఊకుంటున్నయి, ఒక్కనాడన్న మొక్కకపోతె ఎట్ల?"

"కాకా, నీ కేబిన్ ఏ రంగు?"

"బూడిద... ఆగు." తోమడం ఆపాడు. "నాకేం ఎరుక బిడ్డా, నేను లోపలుంటగద!"

ముగ్గురం కిందికి దిగాం. కాక గోడను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కుండలో గుడ్డ ముంచి అన్న చేతికిచ్చాడు. అన్న రుద్దాడు. నల్లటి నీళ్లు కారాయి. మళ్లీ ముంచి రుద్దాడు. ఈసారి నీళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. నేను గుడ్డ లాక్కుని రుద్దాను. మళ్లీ అన్న. గోడ మీద రొట్టెంత వెడల్పున ఒక చోటు తేలింది.

పసుపు. తంగేడు పువ్వు కంటే కొంచెం లేత.

ఇద్దరం కేక పెట్టాం. నేనైతే ఎగిరాను. కిటికీ చెక్క రుద్దితే ఆకుపచ్చ వచ్చింది. కాక నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఓరి నీ! ఇన్నేండ్ల సంది పసుపుటింట్ల కూసున్ననార నేను? మా ఇంటిది గట్టిగ నవ్వుతది వింటే."

పైన గంట మోగింది. కాక మెట్లు ఎక్కి, గుడ్డ పెట్టి లీవరు పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వేసి లాగాడు. నేల మీద తీగ జిల్లుమంది. దూరంగా సిగ్నల్ చెయ్యి వాలింది. కాసేపటికి బొగ్గు రైలు వచ్చింది. కేబిన్ అదిరింది. మేము రుద్దిన పసుపు మచ్చ మీద మా కళ్ల ముందే దుమ్ము దిగడం మొదలైంది.

"మీ రైలు ఎట్ల నడుస్తది?" అని కాక అడిగాడు.

"దారపు రీలుతోటి. తాడు చుట్టుకుంట పోతే రైలొస్తది."

"రైలును తాడుతోటి గుంజుతరార? గది బాయిల టబ్బుల ముచ్చట!"

మాకు అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. బాపు చెప్పే మాటల్లో బండి అంటే తాడు, తాడు అంటే గంట; గంట కొడితేనే తాడు లాగేది. బయటి రైలు కూడా అలాగే కదులుతుందని, ఇంజన్లో కూర్చున్నవాడు ఊరికే పొగ వదులుతాడని అనుకునేవాళ్లం.

ఇంటికి పరిగెత్తాం. అమ్మ పోపుల పెట్టెలోంచి పసుపు తీశాం, అడగకుండానే. బంకతో కలిపి మూడో పూత వేశాం. కిటికీలకు, అమ్మ గునుగు పూలు ముంచడానికి కలిపిన ఆకుపచ్చ రంగు. మామ్మ కేబిన్‌ను చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"చూశారా! నేను చెప్పలా! లక్ష్మీదేవిలా ఉంది." కేబిన్‌ను ఇసుకలో తనే నిలబెట్టింది. తర్వాత వ్యాగన్ల వైపు చూసింది. వాటిలో అన్న పొయ్యి కుప్పలోంచి తెచ్చిన బొగ్గు పలుకులు ఉన్నాయి. "ఇవి మాత్రం వద్దురా నాయనా. బియ్యం పొయ్యి. పసుపు కొమ్ములు పెట్టు. నీ ఇష్టం, బొగ్గు కాకపోతే చాలు."

అన్న వ్యాగన్లన్నీ చొక్కాలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ పూట అమ్మ రొట్టెలు నలిపి మలీద చేసింది. నెయ్యి, బెల్లం వాసన ఇల్లంతా ఉన్నా వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడి ముద్ద కూడా నేనే తిన్నాను.

మర్నాడు పొద్దున మామ్మ ఇంట్లో వదిలేసిన దారపు రీలు తెచ్చుకుందామని ఇద్దరం వెళ్లాం. మామ్మ కొలువు ముందు కూర్చుని ఒక్కో బొమ్మనూ తడిగుడ్డతో తుడుస్తోంది. రోజూ చేసే పనే. కిటికీ మూసినా రాత్రికి రాత్రి దేవుళ్ల మీద, పెళ్లివారి మీద, తెల్ల బట్ట మీద సన్నటి దుమ్ము పేరుకునేది. గిన్నెలో నీళ్లు నల్లగా ఉన్నాయి. అన్న ఆ గిన్నెను చూశాడు.

"మామ్మా, బొగ్గు రోజు వస్తనే ఉన్నది గద నీ కొలువుకు. మేం తెచ్చేడిదేమున్నది?"

మామ్మ చేతిలో అమ్మవారి బొమ్మ. ఇంకో చేతిలో గుడ్డ. గుడ్డను చూసుకుంది, గిన్నెను చూసుకుంది. నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించి ఓడిపోయింది.

"నిజవేరా. పిలవని పేరంటంలా రోజూ వస్తోంది. నేను తరిమేస్తున్నాను." కాసేపు నవ్వి కళ్లు తుడుచుకుంది. "సరే, ఈసారి పిలిచే కూర్చోబెడదాం. తీసుకురా నీ వ్యాగన్లు."

అన్న అప్పటికే గుమ్మం దాటాడు.

"మరి బొట్టు పెట్టొచ్చునా ఇనప సామానుకి?" అని మామ్మ నన్ను అడిగింది.

"కేబిన్ కాక లీవర్లకు పెడతడట."

"అయితే మనమూ పెడదాం." పళ్లపొడి డబ్బా ఇంజను ముందు పసుపు రాసి, మూడు వేళ్లతో కుంకుమ దిద్దింది. నేను ఉంగరపు వేలితో కేబిన్‌కు కూడా పెట్టాను.

సాయంత్రం పేరంటం. ముందుగది నిండా ఆడవాళ్లు, శనగల వాసన, పూల వాసన, గాజుల చప్పుడు. అన్న రైలు నడపకుండా గుమ్మం వైపు చూస్తున్నాడు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బాపు వచ్చాడు. వచ్చి, అరుగు అంచున కూర్చున్నాడు.

"బాపూ, లోపలికి రా."

"ఆడోళ్లున్నరు బిడ్డా. ఈన్నుంచి కనవడుతనే ఉన్నది."

అక్కడినుంచి ఏమీ కనిపించదు. అది అన్నకు తెలుసు. వాడు రీలు నా చేతిలో పెట్టి మామ్మ వైపు చూశాడు. మామ్మ శనగల పళ్లెం పక్కన పెట్టి గుమ్మంలోకి వెళ్లింది.

"ఏవయ్యా, మీ బొగ్గు లోపల అమ్మవారి ముందు కూర్చుంది. బొట్టు కూడా పెట్టించుకుంది. నువ్వు బయటేం చేస్తున్నావు?"

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. మా అమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. బాపు లేచాడు. గోనెపట్టా మీద కాళ్లు రెండుసార్లు తుడిచాడు. లోపలికి వచ్చి, గోడకు ఆనకుండా, కొలువు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక బొగ్గు పలుకు తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"ఏ బాయిదిర ఇది?"

"నీదే. మన కుప్పలది."

బాపు దాన్ని జాగ్రత్తగా అదే వ్యాగన్లో పెట్టాడు. తర్వాత గొంతు సవరించుకుని అన్నాడు. "గంటేది? గంట లేకుండ తాడు గుంజద్దు."

మామ్మ పూజగంట ఇచ్చింది. బాపు గంట రెండుసార్లు కొట్టాడు. నేను రీలు తిప్పాను. రైలు కదిలింది! చెప్పుల చక్రాలు చీపురు పట్టాల మీద కిర్రుమంటూ, ఇసుకలో, శెట్టిగారి ముందునుంచి, ఆవాల మొలకల పక్కనుంచి. అన్న నేల మీద పడుకుని సిగ్నల్ చెయ్యి వాల్చాడు. సర్వేయర్ సారు కుర్చీలోంచి లేచి నిలబడి చూశాడు. రైలు కేబిన్ దగ్గరికొచ్చేసరికి బాపు ఒక్క గంట కొట్టాడు. ఒకటి అంటే ఆగాలి. నేను ఆపాను. మళ్లీ రెండుసార్లు కొట్టాడు, మళ్లీ తిప్పాను. దారం రీలులో చిక్కుపడి, రైలును ఒక్కసారి జర్రున లాగి తెగింది. వెనుక వ్యాగన్లు పల్టీ కొట్టాయి. బొగ్గు పొడి లేచి పసుపు కేబిన్ మీద పడింది.

గదిలో అందరూ మామ్మ వైపు చూశారు. మామ్మ తడిగుడ్డ వెతుక్కుంటోంది. అన్న ఇసుకలో గడ్డం ఆనించి, కేబిన్‌ను కళ్లు చికిలించి చూశాడు.

"తుడవకు మామ్మా!" అని అరిచాడు. "ఇగో, ఇప్పుడైంది మన కేబిన్."

బాపు నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ వెనక్కి వాలి గోడకు ఆనుకున్నాడు. చొక్కా మచ్చ పడిందో, గోడకు మసి అంటిందో ఎవరూ చూడలేదు. ఆ తర్వాత బాపు ఆ ఇంట్లో చాయ్ కుర్చీలో కూర్చునే తాగాడు. గ్లాసు మామ్మే తీసుకునేది.

సర్వేయర్ సారుకు ఇంకో ఊరు బదిలీ అయింది. మామ్మ పోయిందని తర్వాతెప్పుడో విన్నాం. బాపు పోయాడు, అమ్మ పోయింది. అన్న ఎన్ని ఇళ్లు మారాడో, అన్నిటికీ ఆ డబ్బాను వెంట తీసుకెళ్లాడు. నాకు చెప్పలేదు, వదినకూ చెప్పలేదు. కిటికీల సందుల్లో ఆనాటి పొడి ఇంకా ఉంది.

ఇదంతా విని వదిన కేబిన్‌ను మళ్లీ గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టింది. తర్వాత చెప్పులేసుకుంది. "ఆ కేబిన్ ఉన్నదా ఇంక?"

షేర్ ఆటోలో వెళ్లాం. తవ్వకం పట్టాల దాకా రాలేదు, కేబిన్ ఉంది. తలుపుకు తాళం, పగిలిన అద్దాలు, కింద తుమ్మ చెట్లు. గోడలు బూడిద రంగు. వదిన నీళ్ల సీసా మూత తీసి, కొంగు తడిపి గోడ రుద్దింది. నల్లటి నీళ్లు కారాయి. మళ్లీ తడిపింది, మళ్లీ రుద్దింది. నేను సీసా అందుకుని నీళ్లు పోశాను.

"పసుపే!" అంది వదిన, నా వైపు తిరిగి. నెల రోజుల్లో ఆమె గొంతు పైకి లేవడం అదే మొదలు. "పసుపే ఉన్నది!"

సిగ్నళ్లు ఇప్పుడు స్టేషన్లో మీటలు నొక్కితే మారతాయి. పగిలిన కిటికీలోంచి చూశాను. లీవర్లు వరసగా అక్కడే ఉన్నాయి. దసరాకు వాటికి ఇప్పుడు ఎవరూ బొట్టు పెట్టరు.